కేస్ షీట్‌లో తగ్గిన జ్వరం

ఈ కాసింత రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. మొదట్లో చేతిలో పెన్ను నిలిచేది కాదు. తరువాత రాద్దామని కూర్చుంటే కోపం తప్ప మాట వచ్చేది కాదు. ఇప్పుడు మెట్లు ఎక్కినా ఆయాసం రావడం లేదు, కోపం కూడా కొంచెం చల్లబడింది. జరిగింది జరిగినట్టు చెప్పగలననిపించి మొదలుపెట్టాను. నాలాగా కొండ దిగి ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకు పనికొస్తే చాలు.

నేను అరకు వైపు ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో హాస్టల్ వార్డెన్‌ని. మాది పెదబయలు పక్క కొండ మీది ఊరు. నా భర్త బొంజుబాబుకు అక్కడ కాఫీ తోట ఉంది, సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలు పాకించాడు. ఘాట్ దిగాక వచ్చే ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్ ఉంది. ఊరి పేరు, దాని పేరు రాయను. రెండు అంతస్తులు, ఇరవై పైచిలుకు మంచాలు, ఒక డాక్టరు గారు, కింద మందుల షాపు. హాస్టల్లో పిల్లలకు జ్వరం ముదిరితే నేనే అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. వాళ్ళ అమ్మానాన్నలు "అది మంచిదేనా అమ్మా?" అంటే "మంచిదే, భయపడకండి" అనేదాన్ని. ఏం చూసి అన్నానో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నేల మీద తెల్లటి టైల్స్ చూసి, గోడ మీది సర్టిఫికెట్ చూసి, తలుపు దగ్గర చెప్పులు విప్పమన్నారు కదా, శుభ్రమైన చోటే అనుకుని.

జూలై నెలాఖరు

ఆ ఆదివారం తోటలో కలుపు తీయడానికి బొంజుబాబుతో పాటు నేనూ వెళ్ళాను. ముసురు పట్టి ఉంది. మోకాలి దాకా గడ్డి. తిరిగొచ్చిన వారానికి ఒళ్ళు నొప్పులు, తలనొప్పి మొదలయ్యాయి. వానాకాలం మాకు జ్వరం కొత్త కాదు. మలేరియా పరీక్ష చేయించుకుంటే లేదన్నారు. మాత్రలు వేసుకుని పనిలో పడ్డాను. నాలుగో రోజు ఉదయం ప్రార్థన దగ్గర పిల్లల హాజరు పిలుస్తూ పిలుస్తూ ఒక పేరు మధ్యలో ఆగిపోయానట. తరువాత నేల మీద ఉన్నాను, చుట్టూ పిల్లల కాళ్ళు.

బొంజుబాబు జీపు తెచ్చాడు. అతను ప్రభుత్వాసుపత్రికి పోదామన్నాడు. నేనే ఒప్పుకోలేదు.

"అక్కడ నన్నెవరూ ఎరగరు. నర్సింగ్ హోమ్‌లో అయితే నేను తెలుసు" అన్నాను.

"నువ్వు తెలిసింది పిల్లల్ని తెచ్చీ టీచరుగా. రోగిలాగ కాదు కదా" అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. ఘాట్ మలుపుల్లో జీపు తిరుగుతుంటే తల రెండుగా చీలిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

నర్సింగ్ హోమ్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు. గోడకు టీవీ, అందులో ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. కౌంటర్ దగ్గర అమ్మాయి నా ముఖం చూడకుండానే "ఏజెన్సీయా?" అంది, కొండ మీది వాళ్ళమా అని. అవునన్నాం. "అక్కడ కూర్చోండి" అంది. మా తరువాత వచ్చిన ఇద్దరు ముందు లోపలికి వెళ్ళారు. వాళ్ళు ముందే ఫోన్ చేసి పేరు రాయించుకున్నారేమో. కానీ నాకు అనుమానం అక్కడే అంటుకుంది. ఒకసారి అంటుకున్నాక అది జ్వరంతో పాటే పెరిగింది. పక్క కుర్చీలో ఉన్న ఒక మైదానం ఆవిడ తన సీసా మూత తీసి నాకు నీళ్ళు పట్టింది. "తాగమ్మా, పెదాలు ఎండిపోనాయి" అంది. ఆ గంటన్నరలో నన్ను మనిషిగా చూసింది ఆవిడొక్కతే.

హెడ్ సిస్టర్ సుశీల గారు నన్ను గుర్తుపట్టారు. "అయ్యో, టీచర్ గారా!" అంటూ చెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపించారు. ఆవిడ నవ్వు చూసి బొంజుబాబుకు ధైర్యం వచ్చింది. నాకూ వచ్చింది, ఒక పూట వరకు.

ఆగస్టు మొదటి వారం

పైన జనరల్ వార్డులో కిటికీ పక్క మంచం నాది. చేతికి సెలైన్ పెట్టారు. డాక్టరు గారు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేవారు. నాలుక చూసి, వీపు మీద స్టెతస్కోప్ పెట్టి, మంచం కాళ్ళ దగ్గర వేలాడే అట్ట తీసి చూసి, "పర్వాలేదు" అని వెళ్ళిపోయేవారు. మనిషి చెడ్డవారు కాదు. కానీ ఆయన నాకంటే ఆ అట్టను ఎక్కువసేపు చూసేవారు.

వార్డులో పనంతా పైడితల్లి అనే నర్సు చేసేది. ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్ళ పిల్ల, విజయనగరం వైపు పల్లె. నవ్వేది కాదు, నిలబడి మాట్లాడేది కాదు. సూది గుచ్చితే గట్టిగా గుచ్చేది. ఒక మంచం దగ్గర ఉండగానే ఇంకో మంచం నుంచి పిలుపు, "వత్తన్నాను, వత్తన్నాను" అంటూ పరుగు. రోజూ పొద్దున్నే కేస్ షీట్ల అట్టలన్నీ చంకలో పెట్టుకుని వచ్చి ఒక్కో మంచానికి తగిలించి పోయేది.

మూడో రోజు నాకు కొంచెం తెలివిగా ఉంది. బొంజుబాబును ఆ అట్ట అందుకోమన్నాను.

నేను పదహారేళ్ళుగా రిజిస్టర్లు రాస్తున్న మనిషిని. హాజరు, సరుకులు, పిల్లల బరువులు. రోజూ రాసిన రిజిస్టర్ ఎలా ఉంటుందో, ఇన్‌స్పెక్షన్ ఉందని తెలిసి ఒక్కసారి కూర్చుని నింపిన రిజిస్టర్ ఎలా ఉంటుందో నాకు వేరే చెప్పక్కరలేదు. రోజూ రాసిన దాంట్లో సిరా మారుతుంది, చేతి ఒంపు మారుతుంది, ఎక్కడో ఒక కొట్టివేత ఉంటుంది. నా కేస్ షీట్‌లో అవేవీ లేవు. ఆరు, పది, రెండు, ఆరు గంటల గడులన్నీ ఒకే పెన్ను, ఒకే ఒంపు. తొంభై తొమ్మిది, నూరు, తొంభై తొమ్మిది. నాకు థర్మామీటర్ పెట్టింది చేరిన రోజు ఒక్కసారి. పక్కన నాడి గడుల్లో డెబ్బై ఆరు, డెబ్బై ఎనిమిది. ఏడు అనే అంకె వచ్చిన ప్రతిచోటా దాని నడుమ చిన్న అడ్డగీత, ముచ్చటగా ఉంది.

గోడ గడియారం చూశాను. పదకొండున్నర. షీట్‌లో మధ్యాహ్నం రెండు గంటల గడి అప్పటికే నిండి ఉంది.

"నా జ్వరం రెండింటికి ఎంత ఉంటుందో వీళ్ళకి ఇప్పుడే తెలిసిపోయింది" అన్నాను.

బొంజుబాబు అటూ ఇటూ చూసి అట్ట లాక్కుని మళ్ళీ తగిలించేశాడు. "నెమ్మదిగా మాటాడు. సేతికి సూది ఉంది. మనం ఆళ్ళ సేతిలో ఉన్నాం."

"అందుకే కదా అడగాలి?"

"తగ్గినాక అడుగుదువు. ఇప్పుడు ఊరుకో."

ఆ రోజు మేం పెద్దగా పోట్లాడుకున్నాం. నోటితో కాదు, ముఖాలు తిప్పుకుని. తోటలో పని ఆగిపోయింది, ఇంటి దగ్గర మేకలు ఎవరు చూస్తున్నారో తెలియదు, పైగా ఈ చోటుకు రావాలని పట్టుబట్టింది నేనే. ఆ మాట అతను అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటి నుంచి నేను ప్రతిదీ అనుమానంగా చూడటం మొదలుపెట్టాను. మాత్ర ఇస్తే దాని ఖాళీ రేకు అడిగి తీసుకుని దిండు కింద దాచేదాన్ని. సెలైన్ చుక్కలు లెక్కపెట్టేదాన్ని. సూది కొత్తదో కాదో కవరు చింపే చప్పుడు వినేదాన్ని. సుశీల గారు డాక్టరు రావడానికి పది నిమిషాల ముందు వచ్చి దుప్పట్లు సర్ది, తల నిమిరి, "ఈ రోజు ముఖం తేటగా ఉంది టీచర్ గారూ" అనేవారు. ఆవిడ మీద నాకు అనుమానం రాలేదు. అనుమానమంతా పైడితల్లి మీదే. అట్టలు తెచ్చేది ఆ పిల్లే కదా, దొంగ రాతలు కూడా ఆ పిల్లవే అనుకున్నాను.

పక్క మంచం మీద సోమిలి అనే ముసలమ్మ ఉండేది. ఒడిశా సరిహద్దు దగ్గరి ఊరు. వానలో జారిపడి తుంటి విరిగిందట. చంటిపిల్లతో ఉన్న కోడలు రెండు రోజులుండి, మళ్ళీ వస్తానని వెళ్ళింది. సోమిలికి మా ఆదివాసీ ఒడియా తప్ప తెలుగు రాదు. వెల్లకిలా పడుకుని కప్పుకేసి చూస్తూ "పిటి, పిటి" అని మూలిగేది.

ఆయా నూకాలమ్మ వచ్చి నడుము మీద చెయ్యి వేసుకుని, "పొద్దున్నించీ పిట్టు పిట్టు అంటంది. ఈడ పిట్టెక్కడుంటాదే తల్లీ, ఇడ్లీ తిను" అని ఇడ్లీ తుంచి నోట్లో పెట్టేది. ప్రేమగానే పెట్టేది. ముసలమ్మ మింగి మళ్ళీ "పిటి" అనేది.

"పిట్టు కాదు నూకాలమ్మా. పిటి అంటే వీపు. వీపు నొప్పంటోంది" అన్నాను.

నూకాలమ్మ ఇడ్లీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఓలమ్మో! మూడ్రోజుల్నించీ నాను ఇడ్లీలెట్టేత్తన్నాను!"

మేమిద్దరం నవ్వాం. ఆ వార్డులో నేను నవ్వింది అప్పుడే. తరువాత బొంజుబాబు చేత సోమిలి షీట్ తెప్పించి చూశాను. రెండు గంటలకోసారి పక్క మార్చినట్టు టిక్కులున్నాయి. నేను చూస్తుండగా ఆమెను ఒక్కసారైనా పక్కకు తిప్పినవాళ్ళు లేరు.

అయిదో రోజు

అయిదో రోజు ఉదయం డాక్టరు గారు నా షీట్ చూసి, "జ్వరం తగ్గుముఖం పట్టింది. రేపో ఎల్లుండో పంపించేద్దాం" అన్నారు. నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. "సార్, తగ్గలేదు" అన్నాను. ఆయన షీట్ నా వైపు తిప్పి చూపించారు. తొంభై తొమ్మిది. "నీరసం వల్ల అలా అనిపిస్తుందమ్మా" అన్నారు. నా ఒంటి మాట కంటే ఆ కాగితం మాట గట్టిది. 

మధ్యాహ్నానికి ఊపిరి అందడం కష్టమైంది. కిటికీలో కొండలు దగ్గరికి వచ్చినట్టూ వెనక్కి జరిగినట్టూ కనిపిస్తున్నాయి. బొంజుబాబు కిందికి పరుగెత్తి పైడితల్లిని పిలుచుకొచ్చాడు. ఆ పిల్ల నా నుదుటి మీద చెయ్యి వేసి, వెంటనే థర్మామీటర్ తీసి చంకలో పెట్టింది.  నూట నాలుగు దాటిందని తరువాత తెలిసింది.

"అన్నా, నువ్వు బయటికెల్లు" అని బొంజుబాబును పంపి, తెర లాగి, బకెట్‌లో నీళ్ళు తెచ్చుకుని తడిగుడ్డతో నా ఒళ్ళంతా తుడవడం మొదలుపెట్టింది. నాకు సిగ్గేసింది. చేత్తో ఆపబోయాను. "సిగ్గేటమ్మా, నాను మీ గుంటలాంటిదాన్ని, కూతురనుకోండి" అంది. చేతులు గరుకుగా ఉన్నాయి. కానీ మెడ, చంకలు, నడుము, ఎక్కడా వదలకుండా తుడిచింది. లంగా బొందు కట్టుకునే చోటికి వచ్చి ఆగింది.

"అమ్మా, ఇదేటి?"

"ఏది?"

"ఈ నల్ల మచ్చ. సిగరెట్టుతో కాల్సినట్టుంది. ఎప్పట్నించీ ఉంది?"

నాకు తెలియదు. నొప్పి లేదు, దురద లేదు. బొందు కింద ఉండేది, నేనే చూసుకోలేదు.

"తోటల్లోకి గానీ ఎల్లేరేటి?"

వెళ్ళానన్నాను. అంతే, తెర అలా వదిలేసి పరుగెత్తింది. మెట్ల మీద దాని చెప్పుల చప్పుడు నాకిప్పటికీ గుర్తే. డాక్టరు గారు భోజనం మధ్యలో లేచి వచ్చినట్టున్నారు, చెయ్యి తడిగా ఉంది. మచ్చ చూశారు, లైటు వేసి మళ్ళీ చూశారు. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే జ్వరమట, స్క్రబ్ టైఫస్ అన్నారు. మందు మార్చారు. ఇంకా ఆలస్యమై ఉంటే ఊపిరితిత్తులకు పాకేదని బొంజుబాబుతో చెప్పారట. అతను వచ్చి నా పాదాల దగ్గర కూర్చుని చాలాసేపు వాటిని పట్టుకునే ఉన్నాడు.

రెండు రోజుల్లో జ్వరం దిగింది. నిజంగానే దిగింది, కాగితం మీద కాదు.

ఆగస్టు రెండో వారం

జ్వరం దిగాక నేను చేసిన పని గురించి రాయడమే నాకు కష్టంగా ఉంది.

పైడితల్లి నా ప్రాణం కాపాడిందని నాకు తెలుసు. అయినా ఆ దొంగ అంకెలు నా మనసులోంచి పోలేదు. మంచి పిల్లే, కానీ అబద్ధాలు రాస్తోంది, ఆ అబద్ధం నన్ను దాదాపు ఇంటికి పంపేసింది అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆ పిల్లను ఒక్క మాట అడగలేదు. రోజుకు పదిసార్లు నా మంచం పక్కగా పోతుంటే కూడా అడగలేదు.

సోమిలి మూలుగు మారింది. అంతకుముందు మాట ఉండేది, ఇప్పుడు మాట లేదు. మంచం దగ్గర ఒక వాసన. నేను లేచి నడవగలిగిన మొదటి రోజు డాక్టరు గారు రౌండ్‌కు వచ్చినప్పుడు చెప్పేశాను.

"సార్, ఈ ముసలమ్మ వీపు ఒకసారి చూడండి. పక్క మార్చామని రాస్తున్నారు, మార్చడం లేదు. రాసేది ఒకటి, చేసేది ఒకటి. నా జ్వరం కూడా అలాగే రాశారు."

 డాక్టరు గారు బొంజుబాబునూ నూకాలమ్మనూ సాయం పట్టమని సోమిలిని పక్కకు తిప్పారు. నడుము కింద అరచేతి వెడల్పున చర్మం లేచిపోయి ఉంది. నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు గారి ముఖం ఎర్రబడింది.

"వార్డు డ్యూటీ ఎవరు?"

"పైడితల్లి సార్" అన్నారు సుశీల గారు, అడిగిన మరుక్షణం.

పైడితల్లి గుమ్మంలోనే ఉంది, చేతిలో ట్రే. అందరూ తన వైపు చూశారు. తను నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. ఈ పిల్లే నా మచ్చ కనిపెట్టింది సార్ అని ఒక్క ముక్క అనొచ్చు. అనలేదు. తప్పు చేస్తే మాట పడాలి కదా అని లోపల అనుకున్నాను. అదే సాయంత్రం ఆ పిల్లను రేపటి నుంచి రావద్దన్నారు. నా మంచం పక్కగా బ్యాగు తగిలించుకుని వెళుతూ, "మందు మానకండమ్మా, ఏడు రోజులూ వాడాల" అంది. అంతే.

రెండు రోజుల తరువాత నన్ను పంపించారు. డిశ్చార్జి కాగితం సుశీల గారే నా ముందు కూర్చుని రాశారు. వయసు నలభై ఏడు. ఏడు అంకెకు నడుమ చిన్న అడ్డగీత. మందులు ఏడు రోజులు. మళ్ళీ అదే గీత. అదే ఒంపు, అదే పెన్ను.

 పైడితల్లి అట్టలు తగిలించేది మాత్రమే. నింపేది ఈవిడ, కింద తన బల్ల దగ్గర కూర్చుని, పొద్దున్నే, అన్ని మంచాలకీ.

"సిస్టర్, షీట్లు మీరే రాస్తారా?" అన్నాను.

ఆవిడ నవ్వు మారలేదు. "ఫైలు ఖాళీగా ఉంటే ఎలాగండీ టీచర్ గారూ? మీకు తెలియనిదా?"

నాకు తెలియనిది కాదు. బరువు చూసే యంత్రం పాడైన నెలలో నేనూ పిల్లల బరువులు అంచనాగా నింపినదాన్నే. ఆ మాట ఆవిడకు తెలిసినట్టే నా కళ్ళలోకి చూశారు. అయినా నేను ఆ డిశ్చార్జి కాగితం పట్టుకుని డాక్టరు గారి గదిలోకి వెళ్ళి, నా కేస్ షీట్ తెప్పించమని అడిగాను. రెండూ పక్కపక్కన పెట్టి ఏడు అంకెలు చూపించాను. ఇది పైడితల్లి రాత కాదన్నాను. నా మచ్చ చూసిందీ ఆ పిల్లేనన్నాను. రెండు రోజులు ఆలస్యంగా అన్నాను.

ఆయన చాలాసేపు చూశారు. "నేను కనుక్కుంటానమ్మా. మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నారు. ఆ మాటను కూడా నేను నమ్మలేదు.

జీపులో ఘాట్ సగం ఎక్కాం. బొంజుబాబు రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"నిన్ను నోరుమూసుకోమన్నానని నువ్వనుకున్నావు. అప్పుడు అడగొద్దన్నాను గానీ, ఎవుల్నీ అడక్కుండా సెప్పీమనలేదు కదా. ఆ గుంట నీ పేణం కాసింది."

నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అతను జీపు ఆపి, రోడ్డు పక్క కొట్టులో టీ తెచ్చి చేతికిచ్చాడు.

సెప్టెంబరు

చూపించుకోవడానికి మళ్ళీ వెళ్ళాను. వరండాలో కూర్చున్నంతసేపూ ఎవరు రాస్తున్నారు, ఎవరు చేస్తున్నారు అనే చూస్తున్నాను. సుశీల గారు కనిపించలేదు. సెలవు అన్నారు. నమ్మాలో లేదో తెలియలేదు. పైన సోమిలి మంచం మీద వేరే ఎవరో ఉన్నారు.  నూకాలమ్మ పరుగున వచ్చి చెప్పింది, కోడలు తీసుకెళ్ళిందనీ, పుండు ఆరుతోందనీ, వెళ్ళే ముందు నాలుగు అడుగులు వాకర్ పట్టుకుని నడిచిందనీ.

"డాక్టరు గారే రోజూ కట్టు కట్టీవోరు. నాను పక్క తిప్పీదాన్ని. పిటి అంటే ఏటో ఇప్పుడు నాకు తెలుసు కదా" అంది.

పైడితల్లి నంబరు నూకాలమ్మ దగ్గర దొరికింది. ఆ నంబరు నొక్కడానికి నాకు మూడు రోజులు పట్టింది.

"ఎవురండీ?"

"నేను, కిటికీ పక్క మంచం..."

"టీచరమ్మా! మచ్చ మానిందేటి?"

మొదటి మాట అదే. మానిందన్నాను. తప్పు నాదన్నాను. రాతలు నీవే అనుకున్నానన్నాను. డాక్టరు గారి ముందు నీ గురించి మాట్లాడాల్సింది, మాట్లాడలేదన్నాను. 

"ఇరవై రెండు మంచాలమ్మా. పగలు నానొక్కదాన్నే. ముసిలమ్మని తిప్పాలంటే ఇద్దరుండాల. నూకాలమ్మని పిలుద్దునా, ఆవిడ కింద తుడుత్తాది. నాను తిప్పలేదు, అది నిజం. ఆ పుండు నా వల్ల కూడా వచ్చినాదే. కానీ ఆ టిక్కులు నాను పెట్టలేదు."

"తెలుసు. తరువాత తెలిసింది."

"నన్ను అడిగుంటే అప్పుడే సెప్పీదాన్నమ్మా. మీరు అడగలేదు."

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది. లేదమ్మా, అడగలేదు అన్నాను.

డాక్టరు గారు ఫోన్ చేసి మళ్ళీ రమ్మన్నారట. తను వెళ్ళలేదట. విజయనగరంలో వేరే చోట చేరింది, అక్కడ ఎనిమిది మంచాలకు ఒకరు. "ఇక్కడ కూకుని నీళ్ళు తాగడానికి కాళీ దొరుకుతంది" అంది. అది విని నాకు కొంచెం ఊపిరి తిరిగింది. కానీ ఆ పిల్లకు మంచి జరిగింది కాబట్టి నా తప్పు చెరిగిపోయిందని నేను అనుకోవడం లేదు.

ఫోన్ పెట్టే ముందు అడిగాను. "పైడీ, రేపు నేను మా పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళితే, ఆ చోటు మంచిదో కాదో ఎలా తెలుసుకోను? షీట్లు చూసి మోసపోయాను."



"రాతలు సూడకండమ్మా. టైల్సూ సూడకండి. ఈ పూట ఎంతమంది డూటీలో ఉన్నారో అడగండి. వార్డులో మాట రాని మనిసి, ఎవురూ తోడు లేని మనిసి ఎవురో ఒకరుంటారు. ఆ మనిసిని సూడండి. ఆవిడ పెదాలు తడిగా ఉన్నాయా, పక్కబట్ట పొడిగా ఉందా, వీపు బాగుందా. ఆవిడికి బాగా సూత్తన్నారంటే మీకూ సూత్తారు."

నవంబరు

పోయిన వారం ఏడో తరగతి గుంట ఒకతికి జ్వరం మూడు రోజులైనా తగ్గలేదు. పొద్దున్నే ఒళ్ళంతా వెతికాను, చంకలు, మోకాలి వెనక, బొందు కట్టే చోటు. చెవి వెనక నల్ల మచ్చ ఉంది. హెడ్మిస్ట్రెస్ గారు "ఎక్కడికి తీసుకెళతావు?" అన్నారు. ఆ జ్వరానికి మందు ఏదో ఆ డాక్టరు గారికి ఇప్పుడు బాగా తెలుసు, చోటూ దగ్గర. అయినా నా కాళ్ళు వెనక్కి లాగుతూనే ఉన్నాయి. అక్కడికే తీసుకెళతానన్నాను, కానీ గుంటను వదిలి రానని చెప్పి నా బట్టలు కూడా సర్దుకున్నాను.

కౌంటర్ దగ్గర అదే అమ్మాయి. "ఏజెన్సీయా? అక్కడ కూర్చోండి" అంది.

"కూర్చుంటాం. ముందు ఒక్క మాట చెప్పమ్మా. ఈ పూట పైన వార్డులో ఎంతమంది సిస్టర్లున్నారు?"

ఆ అమ్మాయి తల ఎత్తింది. ఈసారి నా ముఖం చూసింది. "ఎందుకండీ?"

"నా పిల్లని పడుకోబెడుతున్నాను కాబట్టి."

తెలియదంది. కనుక్కోమన్నాను. నా వెనక వరుసలో ఉన్న పాడేరు వైపు రైతు ఒకాయన కూడా "అవునమ్మా, కనుక్కో" అన్నాడు. ఆ అమ్మాయి విసుక్కుంటూ లేచి మెట్లెక్కి వెళ్ళింది, కాసేపటికి దిగి వచ్చింది.

"ముగ్గురు" అంది.

నేను ఆ మాట కూడా నమ్మలేదు. గుంటను బెంచీ మీద ఆ రైతు పక్కన కూర్చోబెట్టి, చెప్పులు విప్పి, లెక్కపెట్టడానికి పైకి వెళ్ళాను. ముగ్గురు ఉన్నారు. ఒకామె మూల మంచం దగ్గర, ఎవరూ తోడు లేని ఒక తాతకు చెంచాతో నీళ్ళు పడుతోంది. నేను దిగి వచ్చి గుంట చెయ్యి పట్టుకుని, "పద" అన్నాను.